స్టాల్ హార్న్ లేని పాత విమానంలో స్టాల్ ఎలా పసిగడతారు?

గాలిపటం_టెక్సాస్: సెస్నా 150 అనే చిన్న శిక్షణ విమానం మీద ఇరవై గంటలు అయ్యాయి. వచ్చే వారం టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉండే విమానం) నేర్చుకోడానికి 1946 నాటి పైపర్ జె-3 కబ్ ఎక్కుతున్నా. అందులో స్టాల్‌కి (రెక్క మీద గాలి పట్టు తప్పి విమానం నిలవలేకపోవడం) ముందు కూసే హార్నే లేదు. నాకేమో ఆ కూత వినపడితే తప్ప చెయ్యి కదలదు. కబ్ నడిపినవాళ్ళు కాస్త చెప్పండి.

తోకచక్రం: హార్న్ లేదు గానీ తలుపు ఉంది తమ్ముడూ! కుడిపక్క తలుపు రెండు ముక్కలు. పైది రెక్క కింద తగిలించి, కిందిది వేలాడేసి ఎగురుతాం. ముక్కు లేపి వేగం తగ్గిస్తూ పో, స్టాల్ దగ్గరపడేసరికి ఆ కింది ముక్క మెల్లగా పైకి తేలుతుంది. నువ్వు వెనక సీట్లో ఉంటావు, ముందు ఇన్‌స్ట్రక్టర్ వీపు అడ్డం. స్పీడ్ మీటర్ ఎలాగూ సరిగ్గా కనపడదు.

మబ్బుచాటు: చలికాలం తలుపు మూసేస్తే?

తోకచక్రం: అప్పుడు చెవి, చెయ్యి. గాలి హోరు తగ్గిపోతుంది, స్టిక్ (ముక్కు పైకీ కిందికీ తిప్పే చేతికర్ర) మెత్తబడుతుంది, దాదాపు పొట్టదాకా వచ్చేస్తుంది. అసలు కబ్‌లో ముక్కు ఒక్కసారిగా పడిపోవడం ఉండదు, నిద్రొచ్చినట్టు తల వాలుస్తుంది, అంతే.

రీడు_మాస్టారు: హార్న్‌ని మరీ నమ్ముకోకండి. సెస్నా 150 ఎడమ రెక్క అంచులో ఉండేది హార్మోనియంలో లాంటి రీడే. రెక్క కోణం పెరిగేకొద్దీ ఆ కన్నం దగ్గర పీడనం తగ్గి, గాలి లోపల్నుంచి లాగేయడంతో కూస్తుంది. కరెంటు అక్కర్లేదు. ఎగిరేముందు శుభ్రమైన రుమాలు అడ్డం పెట్టి నోటితో పీల్చి చూడాలి. ఓసారి నేను ఎంత పీల్చినా చప్పుడు లేదు. చూస్తే కన్నంలో పురుగు ఇల్లు కట్టుకుంది! పైపర్ చెరోకీలో అయితే రెక్క అంచున చిన్న రేకు, దానికో స్విచ్. మాస్టర్ స్విచ్ (మొత్తం కరెంటుది) ఆపేస్తే అదీ మూగదే.

ఇంగ్లండ్_బాబాయ్: టైగర్ మాత్ అనే పాత బ్రిటిష్ జంట రెక్కల విమానంలో ఇంకో తమాషా. పై రెక్కల ముందంచున స్లాట్లు (సన్నటి పలకలు) స్టాల్ దగ్గరికొచ్చేసరికి వాటంతటవే తెరుచుకుంటాయి. కళ్ళెదుటే కనపడుతుంది. లాక్ చేసి ఉంచితే మాత్రం ఏమీ చెప్పవు.

రీడు_మాస్టారు: తలుపు సంగతి తిన్నగా ఎగిరేటప్పుడు సరే, రన్‌వేకి తిరిగే మలుపులో నేను నమ్మను. ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు వంచి తిప్పితే కబ్ స్టాల్ వేగం గంటకి 38 మైళ్ళ నుంచి సుమారు 54కి ఎగబాకుతుంది. రడ్డర్ (కాలితో తిప్పే తోక పలక) ఎక్కువ తొక్కి విమానం పక్కకి జారితే గాలి తలుపుకి ఎలా తగులుతుందో ఎవడు చూశాడు?

తోకచక్రం: ఒప్పుకున్నా మాస్టారూ. మలుపులో బాల్ (విమానం పక్కకి జారుతోందో లేదో చూపే గోళీ) చూడమనే నేనూ చెప్తా.

గాలిపటం_టెక్సాస్: ఇవాళే ఎక్కి వచ్చా. తలుపు తేలింది, నిజమే! కానీ దానికంటే ముందే స్టిక్ బెల్టు బకిల్‌కి తగిలింది, అది నాకు బాగా తెలిసింది. శనివారం తలుపు మూసి మళ్ళీ చేయిస్తానన్నారు.