"రంగు వెలిస్తే" అంటే వచ్చినట్టా, పోయినట్టా?

అడిగినవారు (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. చిన్న సందేహమే గానీ మా అపార్ట్‌మెంట్‌లో దీనిమీద పెద్ద పంచాయితీ నడుస్తోంది. స్విమ్మింగ్ పూల్ చూసుకునే కుర్రాళ్ల కోసం క్లోరిన్ పరీక్ష ఎలా చెయ్యాలో తెలుగులో ఒక కార్డు రాసి, లామినేషన్ చేయించి పంప్ రూమ్‌లో తగిలించమని కమిటీ నాకు అప్పజెప్పింది. కిట్‌తో వచ్చిన కాగితమంతా ఇంగ్లిష్. అందులో ఒక హెచ్చరిక ఉంది: క్లోరిన్ మరీ ఎక్కువైతే, గొట్టంలోని నీళ్లలో పరీక్ష మాత్ర వేసినప్పుడు వచ్చే గులాబీ రంగు నిలవదు, నీళ్లు మళ్లీ తెల్లగా అయిపోతాయి అని. దాన్ని నేను "రంగు వెలిస్తే క్లోరిన్ మోతాదు మించినట్టు" అని రాశాను.

పొద్దున డ్యూటీ కుర్రాడు చదివి, "రంగొస్తే ఎక్కువున్నట్టా మేడమ్? మరి రోజూ వస్తది కదా" అన్నాడు. సాయంత్రం డ్యూటీ అతను మాత్రం నేననుకున్నట్టే చదివాడు. ఇద్దరూ తెలుగు మీడియంలో చదివినవాళ్లే. ఎవరిది సరి? "వెలిస్తే" తీసేస్తే ఏం పెట్టాలి?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఇద్దరిదీ సరేనమ్మా. ఇవి నిజానికి రెండు క్రియలు. వెలయు అంటే ప్రకాశించడం, బయటపడడం, ప్రసిద్ధికెక్కడం. కొండమీద స్వామి వెలసింది ఈ క్రియతోనే. వెలియు అంటే తగ్గిపోవడం, ఆగిపోవడం, రంగు మాయడం. వాన వెలిసింది, చీర వెలిసింది అనేవి దీనితో. పాత రాతలో ఒకటి వెలసె, ఇంకొకటి వెలిసె. నోటి మాటలో ఆ తేడా ఎప్పుడో పోయింది. ఇప్పుడు స్వామీ వెలిశాడు, వానా వెలిసింది అంటున్నాం. పక్కన స్వామి ఉన్నాడా, వాన ఉందా అన్నదాన్నిబట్టి అర్థం తెలుసుకుంటున్నాం. మీ వాక్యంలో పక్కన ఉన్నది "రంగు". అది రావడానికీ పోవడానికీ రెంటికీ పనికొస్తుంది. అదీ చిక్కు.

బ్యాంకు ఉద్యోగి (విజయవాడ):
మాస్టారూ, "శ్రీస్వామివారు ఇచ్చట వెలిసినారు" అని గుడి బోర్డు మీద చూసినప్పుడల్లా మా నాన్నగారు "ఎందుకు పాపం, ఎండకా?" అనేవారు. అందుకే అమ్మ ఆయన్ని గుడికి తీసుకెళ్లడం మానేసింది.

కువైట్ నుంచి:
అక్కా, మాది కోనసీమ. ఇక్కడ హోటల్లో పూల్ మెయింటెనెన్స్ చేస్తాను. మాటల సంగతి మాస్టారు చూసుకుంటారు గానీ, ఆ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. కార్డు మొత్తంలో ముఖ్యమైన లైను అదే. మాకు ఇక్కడ ఫోటోమీటర్ ఉంది, రంగును కొలిచి అంకె చూపే మీటర్. ఒకసారి రాత్రి షాక్ డోసు (ఒకేసారి చాలా ఎక్కువ క్లోరిన్) పోసి పొద్దున్నే చూస్తే 0.3 పీపీఎమ్ (లీటరు నీళ్లలో అన్ని మిల్లీగ్రాములు) చూపించింది. కొత్తగా వచ్చినతను క్లోరిన్ అంతా ఎగిరిపోయిందని మళ్లీ పోయబోయాడు. సీనియర్ ఆపి, అవే నీళ్లు కొంచెం తీసి డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ పెట్టాడు. ముదురు గులాబీ వచ్చింది. లెక్క కడితే 15 పైనే ఉంది. మీటర్ చెడిపోలేదు. గులాబీ ఎంత ఉందో అదే అంకె వేసింది, అంతే. గులాబీని క్లోరినే తినేసిందని దానికేం తెలుసు?

అడిగినవారు:
అచ్చం మా దగ్గరా అంతే తమ్ముడూ! ఆదివారం షాక్ చేశారు. సోమవారం గొట్టంలో రంగే లేదు. పొద్దున కుర్రాడు ఇంకో బకెట్ కలపబోతుంటే సాయంత్రం అతను ఫోన్ చేసి ఆపాడు. కార్డు రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. అసలు ఎక్కువైతే రంగు ఎందుకు పోతుంది?

కెమిస్ట్రీ లెక్చరర్ (గుంటూరు):
ఆ మాత్రలో ఉండేది డీపీడీ అనే పదార్థం. క్లోరిన్ దాన్ని ఒక మెట్టు ఆక్సీకరణం చేస్తే గులాబీ రంగు పదార్థం తయారవుతుంది. మనం చూసేది దాన్నే. క్లోరిన్ ఇంకా మిగిలి ఉంటే రెండో మెట్టుకు తీసుకెళ్తుంది. అక్కడ తయారయ్యేదానికి రంగు లేదు. మామూలు కిట్లలో 10 పీపీఎమ్ దాటాక ఇది గట్టిగా కనిపిస్తుంది, కొన్నిట్లో అంతకంటే ముందే మొదలవుతుంది. ఒక్కోసారి మాత్ర వేసిన క్షణంలో గులాబీ మెరిసి మాయమవుతుంది. క్లోరిన్ మరీ ఎక్కువుంటే ఆ మెరుపు కూడా కంటికి అందదు. కాబట్టి "రంగు వచ్చి పోతే" అని మాత్రమే రాసినా సరిపోదు. రానే రాలేదనిపించే కేసూ ఉంది.

గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసినాయన (ఖమ్మం):
ఆ కుర్రాడి పొరపాటుకు ఇంకో కారణం ఉండొచ్చమ్మా. వాళ్లది పల్లెటూరైతే పంచాయతీ వాటర్ ట్యాంకు దగ్గర క్లోరోస్కోప్ (తాగునీటిలో క్లోరిన్ చూసే చిన్న కిట్) చూసే ఉంటాడు. అందులో వేసేది ఆర్థోటాలిడిన్ చుక్కలు, మేం "ఓటీ" అంటాం. క్లోరిన్ ఉంటే పసుపు. ఎక్కువుంటే పసుపు ముదిరి నారింజ తిరుగుతుంది, ఇంకా పెరిగితే ఎర్రమట్టి రంగు. మాయం కావడమనేది లేదు. తాగునీటికి కనీసం 0.2 పీపీఎమ్ ఉండాలని రూలు. రంగు రాకపోతే బ్లీచింగ్ పౌడర్ కలిపేవాళ్లం. నా సర్వీసంతా "రంగు లేదంటే మందు లేదు" అనే చెప్పాను, ఓటీకి అది నిజమే. డీపీడీకి కాదు. క్లోరోస్కోప్ అలవాటున్న కంటికి ఈ గులాబీ కిట్ ఇచ్చినప్పుడు ఈ ముక్క విడిగా చెప్పాలి.

ఓటీలో ఇంకో తిరకాసు. చుక్కలు వేసిన వెంటనే చూస్తే విడిగా ఉన్న క్లోరిన్ తెలుస్తుంది. గొట్టం అక్కడ పెట్టి టీ తాగొచ్చి చూస్తే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. ఒకే నీళ్లు, రెండు అంకెలు. దీనిమీద కూడా గొడవలు చూశాను.

అడిగినవారు:
"రంగు తిరిగింది" అన్నారు, భలే ఉందండీ. మామిడికాయ రంగు తిరిగింది అన్నట్టు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఆయన సరైన చోటే వాడారు. ఒక రంగు ఇంకో రంగులోకి మారితే "తిరగడం". ఉన్న రంగు బలం తగ్గితే "వెలవడం" లేదా "పాలిపోవడం". నీళ్లల్లోకి కారిపోతే "రంగు వదలడం". ఇక్కడ జరిగేది వీటిలో ఏదీ కాదు. ఉన్న రంగు పూర్తిగా పోయింది. మరి "పోవడం" అనే సాదా మాటకు ఏమొచ్చింది? బళ్లో "విరంజన చూర్ణం" చదివినవాళ్లం కాబట్టి "వర్ణం విరంజనమగును" అని రాయబుద్ధవుతుంది. పంప్ రూమ్‌లో వద్దు.

కువైట్ నుంచి:
అక్కా, "తెల్లగా" అన్న మాట కూడా తీసేయండి. మా ఊరివాళ్లకి తెల్లటి నీళ్లంటే సున్నం కలిపినట్టుండేవి. బ్లీచింగ్ లాంటి పొడి మందు వేసినప్పుడు పూల్ నీళ్లు నిజంగానే అలా తెల్లబారతాయి. "తేటగా" అని రాయండి.

అడిగినవారు:
రాసుకున్నాను. ఇంకో మాట. కాగితంలో ఫ్రీ, టోటల్, కంబైన్డ్ అని మూడు క్లోరిన్లు ఉన్నాయి. నిఘంటువు చూసి "స్వేచ్ఛా క్లోరిన్, మొత్తం క్లోరిన్, సంయోగ క్లోరిన్" అని రాశాను. కుర్రాళ్లు నవ్వారు.

బ్యాంకు ఉద్యోగి (విజయవాడ):
"ఉచిత క్లోరిన్" అనలేదు, సంతోషం. అలా రాసుంటే కమిటీ ట్రెజరర్ వచ్చి కౌగిలించుకునేవారు.

కెమిస్ట్రీ లెక్చరర్ (గుంటూరు):
"విడి క్లోరిన్, కలిసిపోయిన క్లోరిన్" అనండి. చెమట, మూత్రం లాంటివాటిలోని అమ్మోనియా తరహా పదార్థాలతో కలిసిపోయింది రెండోది. క్రిములను చంపే శక్తి దానికి చాలా తక్కువ. కళ్లు మండేదీ, పూల్ దగ్గర ఘాటుగా "క్లోరిన్ వాసన" అని మనం అనేదీ ఎక్కువగా దీనివల్లే. వాసన గట్టిగా ఉంటే క్లోరిన్ ఎక్కువైందనుకుని తగ్గించేస్తారు. చాలాసార్లు అక్కడ విడి క్లోరిన్ చాలకే ఆ వాసన వస్తుంది. మొత్తంలోంచి విడిది తీసేస్తే కలిసిపోయింది ఎంతో వస్తుంది.

అడిగినవారు:
మా రిజిస్టర్‌లో ఒక రోజు విడిది 3, మొత్తం 2.5 అని ఉంది. తీసేస్తే మైనస్ వచ్చింది!

కువైట్ నుంచి:
అది గొట్టం కడగకపోవడం. ఒకటో నంబర్ మాత్రకి విడి క్లోరిన్ తెలుస్తుంది, అందులోనే మూడో నంబర్ మాత్ర వేస్తే మొత్తం. మూడో దాంట్లో పొటాషియం అయోడైడ్ ఉంటుంది. నిన్నటి గొట్టంలో అది కొంచెం అంటుకుని ఉన్నా, ఈరోజు ఒకటో మాత్రకే కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగిచ్చేస్తుంది, విడి అంకె పెరిగిపోతుంది. ఆ తర్వాత మొత్తానికి వేరే శుభ్రమైన గొట్టంలో, ఇంకో మూల నుంచి తెచ్చిన నీళ్లు పెట్టారనుకోండి, మైనస్ వచ్చినా ఆశ్చర్యం లేదు. కార్డులో "కడగాలి" అంటే కుళాయి కింద ఒకసారి తిప్పి పెట్టేస్తారు. "పూల్ నీళ్లతో మూడుసార్లు జాడించాలి" అని రాయండి. మాత్ర చేత్తో పట్టుకోకూడదు. రేకు చింపి నేరుగా గొట్టంలోకి. మూత బదులు బొటనవేలు పెట్టి ఊపడం మా దగ్గరా చూశాను. వేలి చెమట కూడా అంకెలో కలుస్తుంది అక్కా.

నీళ్లు మోచేతి లోతు నుంచి తియ్యాలి. మందు నీళ్లు లోపలికొచ్చే జెట్ దగ్గర తీస్తే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసినాయన (ఖమ్మం):
నీళ్లు కలిపి చూసే పద్ధతికి కుళాయి నీళ్లు వాడనివ్వకండి, వాటిలోనూ క్లోరిన్ ఉంటుంది. "డిస్టిల్డ్ వాటర్" అంటే మెడికల్ షాపుకెళ్లి తిప్పలు పడతారు. "బ్యాటరీ వాటర్" అని రాయండి, పెట్రోల్ బంకులో ఇస్తారు. పూల్ నీళ్లు ఒక వంతు, బ్యాటరీ వాటర్ ఒక వంతు. వచ్చిన అంకెను రెండుతో హెచ్చించాలి. అప్పటికీ తేటగానే ఉంటే ఒక వంతుకు నాలుగు వంతులు కలిపి, ఐదుతో హెచ్చించాలి. అలా కలిపినా గులాబీ జాడ లేకపోతే అప్పుడు చాలావరకు క్లోరిన్ లేనట్టే. మాత్రల గడువు తేదీ కూడా ఓసారి చూడమనండి.

కెమిస్ట్రీ లెక్చరర్ (గుంటూరు):
కార్డులో "స్టెబిలైజర్" గురించి కూడా ఉంటుందనుకుంటా. మన ఇళ్లలో ఆ మాటకు ఫ్రిజ్ పక్కన ఉండే డబ్బానే గుర్తొస్తుంది. పూల్‌లో అది సైన్యూరిక్ యాసిడ్. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లల్లో అది కలిసే వస్తుంది: బిళ్లల ద్వారా 10 పీపీఎమ్ క్లోరిన్ చేరితే వెంట దాదాపు 6 పీపీఎమ్ ఇదీ చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం పేరుకుపోతుంది, మరీ ఎక్కువైతే క్లోరిన్ పనిని తగ్గించేస్తుంది. పరీక్షలో క్లోరిన్ నిండుగా కనిపిస్తూనే నాచు పడుతుంటే దీన్ని అనుమానించాలి. తగ్గించాలంటే కొంత నీరు తీసేసి కొత్త నీరు పెట్టడం తప్ప సులువైన దారి లేదు. "నిలకడ మందు" అంటే ఎలా ఉంటుంది మాస్టారూ?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
బాగుంది గానీ షాపులో అడిగితే ఎవరికీ అర్థం కాదు. డబ్బా మీద ఉన్న పేరే రాసి, పక్కన "ఎండను ఆపే మందు" అనండి.

అడిగినవారు:
అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, చూడండి:

"గొట్టాన్ని పూల్ నీళ్లతో మూడుసార్లు జాడించాలి. మోచేతి లోతు నుంచి నీళ్లు తియ్యాలి. మాత్ర చేత్తో ముట్టుకోకూడదు. మాత్ర వేసేటప్పుడు గొట్టం మీదే కన్ను ఉండాలి. గులాబీ రంగు వచ్చి నిలిస్తే అంకె రాయాలి. గులాబీ వచ్చి పోయినా, అసలు రాకపోయినా మందు కలపొద్దు. ముందు సగం బ్యాటరీ వాటర్ కలిపి మళ్లీ చూడాలి. అప్పుడు గులాబీ వస్తే క్లోరిన్ ఎక్కువైనట్టు. ఎవరినీ పూల్‌లోకి దిగనివ్వొద్దు."

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
"కన్ను ఉండాలి" బాగుందమ్మా. "మందు కలపొద్దు" ఎర్ర సిరాతో రాయించండి.

కువైట్ నుంచి:
అక్కా, ఇంకొక్క లైను. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) చూడ్డానికి వేసే ఫినాల్ రెడ్ అనే రంగు మందు కూడా క్లోరిన్ బాగా ఎక్కువుంటే తప్పు చెబుతుంది. పసుపు నుంచి ఎరుపు దాకా ఉండాల్సిన రంగు ఊదా తిరుగుతుంది. పీహెచ్ పెరిగిందనుకుని యాసిడ్ పోసేస్తారు.

అడిగినవారు:
"ఊదా" అంటే ఒకరు నీలం అంటారు, ఇంకొకరు బూడిద రంగు అంటారు తమ్ముడూ. మళ్లీ పంచాయితీ.

గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసినాయన (ఖమ్మం):
వంగపండు రంగు అనండి. "పీహెచ్ గొట్టం వంగపండు రంగు తిరిగితే యాసిడ్ పోయొద్దు, ముందు క్లోరిన్ చూడాలి."

అడిగినవారు:
చేర్చాను. రేపు ప్రింటుకు ఇస్తున్నాను.