2006 నాటి స్కిట్‌లో ఏ సినిమా మాటలు పెట్టొచ్చు?

హాస్టల్_రూమ్_12:
కాలేజీ ఫంక్షన్‌కి పావుగంట స్కిట్. కథ 2006 జూన్‌లో, హాస్టల్ గదిలో. ఒకడు "తగ్గేదే లే" అంటాడు, ఇంకోడు ప్రతిదానికీ "అంతేగా అంతేగా" అంటాడు. చదివినవాళ్లు నవ్వుతున్నారు గానీ ఎక్కడో తేడా కొడుతోంది. ఏవి తీసెయ్యాలి? ఇంకో డౌటు: కొన్ని సినిమా మాటలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి, కొన్ని ఆర్నెల్లకే పాతబడతాయి. ఎందుకు?

నేలటికెట్టు:
ఆ రెండూ తీసెయ్ బ్రో. "తగ్గేదే లే" పుష్పది, 2021 డిసెంబరు. "అంతేగా అంతేగా" ఎఫ్2ది, 2019 సంక్రాంతి. "నాక్కొంచెం తిక్కుంది" కూడా వద్దు, అది 2012. నీకు దొరికిన లక్కీ మాట "దిమ్మ తిరిగి మైండ్ బ్లాక్". పోకిరి వచ్చింది 2006 ఏప్రిల్ 28న, అంటే నీ కథ నాటికి ఇంకా వేడివేడిగా ఉంది. కథని మార్చికి జరిపావో, అదీ పోతుంది.

విభక్తి_ప్రత్యయం:
రెండో డౌటుకి నా లెక్క ఇది: తెలుగు తోక తగిలించుకోగలిగిన మాటే బతుకుతుంది.

"సుత్తి" చూడండి. 1982లో జంధ్యాల గారి నాలుగు స్తంభాలాటతో ఊరూరా పాకింది, వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఇంటిపేరే అయిపోయింది. ఆ సినిమా చూడని పిల్లలు కూడా ఇప్పటికీ అంటారు: సుత్తి కొట్టకు, సుత్తిగాడు, సుత్తి క్లాసు, మహా సుత్తి. ఏ క్రియ పక్కనైనా, ఏ నామవాచకం ముందైనా ఒదుగుతుంది. "మైండ్ బ్లాక్" కూడా అంతే: అయ్యింది, చేశాడు, అయ్యేలా కొట్టాడు.

"తగ్గేదే లే" గడ్డకట్టిన వాక్యం. ఆ "లే"లో చిత్తూరు యాస ఉంది, గడ్డం కింద చెయ్యి తిప్పడం ఉంది. "తగ్గేదే లేదండి" అని మర్యాద చేర్చి చూడండి, జోకు అక్కడికక్కడే చస్తుంది. అందుకే అది సినిమాతోపాటే వయసు మీద పడుతుంది. (హిందీవాళ్లు అనే "ఝుకేగా నహీ" డబ్బింగ్ మాట. మనది తగ్గకపోవడం, వాళ్లది తలవంచకపోవడం.)

డైలాగుల కంటే గట్టివి సినిమా పనిలోంచి వచ్చిన మాటలు. బిల్డప్ ఇవ్వకు, నీకంత సీన్ లేదు, ఓవరాక్షన్ తగ్గించు. వీటికి ఏ హీరో ముద్రా లేదు కాబట్టి ఏ హీరో ఫ్లాపయినా వీటికి ఢోకా లేదు. మీ స్కిట్‌కి సగం సరుకు ఇక్కడే ఉంది.

చాయ్_బిస్కెట్_వద్దు:
"కుర్చీ మడతపెట్టి" ఎవరైనా ఇరికిస్తారేమో, ముందే చెప్తున్నా. ఒకటి, అది యూట్యూబ్ ఇంటర్వ్యూలో పుట్టి తర్వాత గుంటూరు కారం పాటలోకి ఎక్కింది, ఆ సినిమా 2024 సంక్రాంతిది. రెండు, అసలు వీడియోలో దాని వెనకాల బూతు ఉంది. ముందు వరుసలో ప్రిన్సిపాల్ గారు కూర్చుంటారు, గుర్తుపెట్టుకో.

హాస్టల్_రూమ్_12:
థాంక్స్ అన్నా. మార్చాను, చూడండి:

— నిన్న క్యాంటీన్‌లో ఆ అమ్మాయితో పులిహోర కలిపావంట?
— నోట్సు అడిగాన్రా.
— నోట్సుకి అంత బిల్డప్పా? నీకంత సీన్ లేదు గానీ, సుత్తి ఆపి లైటార్పు.

విభక్తి_ప్రత్యయం:
చివరి వాక్యం బాగుంది. పులిహోర మాత్రం ఈమధ్య వంటకం, "లైన్ వేస్తున్నావంట" చెయ్యండి. ఇంకో స్కిట్‌లో వాడుకుంటే "కలపడం" మార్చొద్దు. "పులిహోర చేశావంట" అంటే జనం ప్రసాదం ఎక్కడని అడుగుతారు.

నేలటికెట్టు:
ఒక పంచ్‌కీ ఇంకో పంచ్‌కీ మధ్య రెండు మామూలు మాటలు ఉండనివ్వు. మొదటిదానికి నవ్వు ఆగకముందే రెండోది వేస్తే వెనక బెంచీలకి వినపడదు.