ఫైనల్లో మా స్ట్రైకర్‌ని మొదటి నుంచీ ఆడించాలా?

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి ఫైనల్. నెల కిందట మా స్ట్రైకర్‌కి కుడికాలి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసింది, గ్రేడ్ 1, అంటే స్వల్పమే. ఇప్పుడు నేరుగా పరిగెడితే నొప్పి లేదు. ఫుల్ స్పీడ్‌లో వెళ్తూ ఒక్కసారిగా ఆగి తిరిగితేనే తొడ వెనక లాగుతోందట. ప్రాక్టీసు మ్యాచ్‌లో అరగంట ఆడించా, బాగానే ఆడాడు. మర్నాడు పొద్దునకి కండరం బిగుసుకుపోయింది. ఫిజియో 'మీ ఇష్టం' అనేశాడు. వాణ్ణి అడిగితే ఏముంది, ఆడతాననే అంటాడు!

2014 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో గాయంతోనే దిగిన డియెగో కోస్టా తొమ్మిదో నిమిషంలోనే బయటికొచ్చేశాడు, ఓ సబ్ (ఆటగాణ్ణి మార్చే అవకాశం) వృథా. 2019 ఫైనల్లో గాయం నుంచి అప్పుడే తిరిగొచ్చిన హ్యారీ కేన్ మొత్తం ఆడినా గోల్ లేదు. సెమీస్‌లో హ్యాట్రిక్ కొట్టిన అతని టీమ్‌మేట్ లూకాస్ మౌరా మాత్రం మొదట బెంచీ మీద.

మాకు మూడే సబ్‌లు, డ్రా అయితే నేరుగా పెనాల్టీలు. కోచింగ్ అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: మొదట్లోనే దింపి గంటకి తీసేయాలా, ఆఖరి అరగంటకి దింపాలా?