సిప్రో తగిలితే బ్యాక్టీరియా కావాలనే మారుతదా?

పటాన్‌చెరు పోరడు: సిప్రో (సిప్రోఫ్లాక్ససిన్) అసుంటి యాంటీబయాటిక్ మందు తగిలితే బ్యాక్టీరియా కావాలనే మ్యుటేషన్లు, అంటే డీఎన్‌ఏల మార్పులు, తెచ్చుకుంటదని ఒకాయన రాసిండు. నిజమేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పిప్పెట్ రాజు: కావాలని ఏం లేదు బాస్. లెక్స్‌ఏ అనే ప్రొటీన్ రిపేర్ జీన్ల మీద మూత లెక్క కూసుంటది. సిప్రోనో, డీఎన్‌ఏను దెబ్బతీసే మైటోమైసిన్ అనే మందో తగిలి డీఎన్‌ఏ దెబ్బతింటే రెండు పోగుల డీఎన్‌ఏల ఒంటిపోగు బయటపడతది, దానికి రెక్‌ఏ అనే ఇంకో ప్రొటీన్ చుట్టుకుంటది, ఆ రెక్‌ఏ తగలంగనే లెక్స్‌ఏ తనను తానే కోసుకుంటది, ఇగ ఈకోలై అనే పేగుల బ్యాక్టీరియాల 40 దాకా జీన్లు ఆన్. ముందు రిపేర్‌వి, ఆఖరికి డీఎన్‌ఏ కాపీ చేసేటప్పుడు తప్పులు రాసే పాలిమరేజ్ 5 అనే ఎంజైమ్. మ్యుటేషన్లు చాలామటుకు దాంతోనే. మైక్రోస్కోప్ కింద చూస్తే కణాలు విడిపోకుండా సేమ్యా లెక్క సాగుతయ్.

మూసీ ఒడ్డు: మూత తీసుడా, ఆన్ చేసుడా? ఏదో ఒకటి చెప్పు.

పిప్పెట్ రాజు: రెండూ ఒకటే.

మూసీ ఒడ్డు: గిన్నె మూత తీసుడు, స్టవ్ ముట్టించుడు ఒకటెట్లయితయ్?

పిప్పెట్ రాజు: ముట్టించుడే కావాల్నంటే అడా ప్రొటీన్ ఉంది. డీఎన్‌ఏకు అంటిన మిథైల్ అనే చిన్న రసాయన ముక్కను తన మీదికి తీసుకొని, అదే పోయి జీన్లు ఆన్ చేస్తది. ఖుషీయేనా?

గడ్డపెరుగు: ఇద్దరూ ఛాయ్ తాగి రాండ్రి

పటాన్‌చెరు పోరడు: మా దిక్కు మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని 2007ల పరిశోధన పేపర్ వచ్చింది కదా, మరి దాని సంగతి?

పిప్పెట్ రాజు: అంత డోసుల మామూలు ఈకోలై చస్తది, మారే టైమేది? జనం రెండ్రోజులు గోలీలేసుకొని ఆపేస్తరు, అదీ అసలు కారణం.

మూసీ ఒడ్డు: అవే నీళ్లు వాగుల కలిసి పల్చనైనంక? చావకుండ డీఎన్‌ఏ మాత్రం తెగే డోసు అక్కడుండదా? మా అమ్మ జిందగీల సిప్రో మింగలే, యూరిన్ కల్చర్‌ల సిప్రో పక్కన రెసిస్టెంట్ అని వచ్చింది. ఆమె ఏ గోలీ ఆపిందంటవ్?

పిప్పెట్ రాజు: ఒక్క రిపోర్టు పట్టుకొని ఫ్యాక్టరీల మీదికి పోతే ఎట్ల? మందుకు లొంగని మొండి జీన్లు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ రింగుల మీద ఎక్కి ఎక్కడికెళ్లైనా వస్తయ్.

మూసీ ఒడ్డు: నువ్వు యాడ పని చేస్తవ్?

పిప్పెట్ రాజు: మందుల కంపెనీలనే, క్యూసీ (నాణ్యత చూసే పని), 9 ఏండ్లు. ఏ పెండ్లికి పోయినా "మా బోర్లు ఖరాబు చేసింది మీరే" అంటరు, నేనేదో రాత్రిపూట ట్యాంకర్ తోలినట్టు. నా జీతంతోని సైన్స్ మారదు.

మూసీ ఒడ్డు: సైన్స్ మారదన్నా. పల్చని నీళ్ల ముచ్చట మాత్రం నేనడిగేదాక నీ నోట్లకెళ్లి రాలే.

పిప్పెట్ రాజు: రాలే. ఒప్పుకుంటున్న.

పటాన్‌చెరు పోరడు: అన్నా, ఇంతకూ కావాలనే మారుతదా, లేదా?