అప్‌డేట్: గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడే గ్రాఫిక్స్ కార్డు, అసలు కారణం దొరికింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సమస్య ఇదీ: కోర్ (చిప్ మామూలు ఉష్ణోగ్రత) 74 డిగ్రీలే చూపిస్తున్నా హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటు) 108 దాకా పోయేది, ఫ్యాన్లు హోరెత్తేవి, ఆపైన స్క్రీన్ నల్లబడేది.

"ఆ రెండింటి మధ్య తేడా చూడండి" అన్నవారి మాటే నిజమైంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక రిపేరు షాపులో హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) విప్పితే, ఆ రెండింటి మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్టు చిప్ మధ్యలోంచి అంచులకు జారిపోయి ఉంది. పదేపదే వేడెక్కి చల్లారితే అలా బయటికి నెట్టుకుపోతుంది. మెమరీ చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి ప్యాడ్లూ నూనె కారి, పొడిబారిపోయాయి.

పేస్టు బదులు పీటీఎం 7950 షీటు (వేడికి మెత్తబడి చిప్ మీద పరుచుకునే పలుచటి పొర) వేశారు. ప్యాడ్లు మాత్రం పాత మందమే ఉండాలి (ఈ కార్డులో మెమరీకి 1.5 మి.మీ., వీఆర్ఎంకి, అంటే చిప్‌కి వోల్టేజీ సర్దే భాగాలకి, 2). పాతదాన్ని నలగని అంచు దగ్గర వెర్నియర్‌తో కొలవాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ చిప్‌కి సరిగా ఆనదు.

ఇప్పుడు అదే గేమ్‌లో కోర్ 68, హాట్‌స్పాట్ 81. డ్రైవర్లు, పవర్ సప్లై దీనికి సంబంధం లేనివి. బెంగళూరు ఎండల మీద నెపం వేసినవారికి: ఏసీ గదిలోనూ అంతే తేడా వచ్చింది!

షీటు వేసిన కొత్తలో రీడింగులు కాస్త ఎక్కువుంటాయి. నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక దిగుతాయి.