‘నీళ్లోసుకున్నది’ అంటే ఏ రోజు నీళ్లు?

నిన్న గ్రూపులో ఒక తమ్ముడు ‘నీళ్లోసుకున్నది’ అంటే ఏంటని అడిగితే, గర్భం దాల్చిందని ముగ్గురు చెప్పారు. సరైన అర్థమే. కానీ ఆ నీళ్లు ఏ నీళ్లు, ఏ రోజువి అన్నది ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తెలియకనే నేను పదిహేడు నెలలు తప్పు లెక్క వేసుకున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. కామెంట్లలో వచ్చిన మాటలకు జవాబులు కూడా ఇందులోనే కలిపాను.

మాది దేవరకొండ దిక్కు పల్లె. మా అమ్మమ్మ నోట ఈ రెండు మాటలూ ఎప్పుడూ ఉండేవి. ‘నీళ్లోసుకున్నది’ అంటే కడుపు నిలిచింది, ‘నీళ్లాడింది’ అంటే కాన్పు అయింది. మొదటిదాంట్లో నీళ్లు ముట్టు అయిపోయాక ఐదోనాడు తలకు పోసుకునే నీళ్లని ఆమె చెప్పేది. ‘పున్నానికి ముందు నీళ్లోసుకున్నది, మళ్ల బయట కూసోలే’ అనేది. అంటే ఆ తలస్నానమే ఆఖరుది, తర్వాత ముట్టు రాలేదు, అక్కడి నుంచి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకోవడమే.

ఈ లెక్కను మూఢనమ్మకం కింద కొట్టేయకండి. కడుపు ఏ గడియలో నిలిచిందో ఎవరికీ కనబడదు, కనబడేది ముట్టు, దాని తర్వాతి స్నానం. అందుకే కనబడిన రోజునే పట్టుకున్నారు. ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి పోయినా మొదట అడిగేది ‘చివరి నెలసరి మొదటి రోజు ఎప్పుడు?’ అనే కదా. అక్కడి నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు తేదీ రాస్తారు. మా అమ్మమ్మ స్నానం రోజు నుంచి లెక్కపెట్టేది, వీళ్లు ముట్టు మొదటి రోజు నుంచి. తేడా నాలుగు రోజులే.

నా తప్పు ఎక్కడంటే, ఎన్నో నెల అని తెలుసుకోవడానికి పుట్టిన ఆ లెక్కను ఏ రోజు కలవాలి అన్నదానికి వాడుకున్నాను. దానికి తోడు బడి పుస్తకంలో చదివిన ‘పద్నాలుగో రోజు అండం విడుదల’ అన్న వాక్యం బుర్రలో ఉండిపోయింది. మా వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాసేవాళ్లం, ఒక్కో గడిలో ‘అర’, ‘లీ’ అని. ముట్టు వచ్చిన రోజు గడి మూలన నేను ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టేదాన్ని. చుక్క నుంచి పది నుంచి పద్నాలుగు వరకు మా దినాలు, పదిహేనో రోజు వచ్చిందంటే ఈ నెల అయిపోయిందని వదిలేసేదాన్ని. మా ఆయన హైదరాబాద్‌లో పని, ఆ దినాల కోసం సెలవు పెట్టుకొని బస్సెక్కి వచ్చేవాడు. అట్లా పదిహేడు చుక్కలు.

నల్లగొండలో చూపించుకున్న డాక్టరమ్మకు ఆ క్యాలెండర్ కాగితాలు చింపి తీసుకుపోయి చూపించాను. ఆమె పాల లెక్క మీద వేలు పెట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య రోజులు బయటికే లెక్కపెట్టింది. 33, 36, 34, 35. ‘అమ్మా, నువ్వు ముందు నుంచి లెక్కపెడుతున్నావు, వెనక నుంచి లెక్కపెట్టాలి’ అన్నది. అండం విడుదలయ్యాక మళ్లీ ముట్టు రావడానికి పట్టే సమయం చాలామందిలో దాదాపు పద్నాలుగు రోజులే, ఒకటి రెండు అటూ ఇటూ. పెరిగినా తగ్గినా ఎక్కువగా మారేది దానికి ముందున్న భాగం. నాకు 33 నుంచి 36 కాబట్టి అందులో 14 తీసేస్తే 19 నుంచి 22 మధ్యలో ఎప్పుడో అండం వస్తుంది. నేను పద్నాలుగుకే తలుపు వేసేసుకుంటున్నాను. పుస్తకంలోని పద్నాలుగో రోజు 28 రోజులకోసారి ముట్టు వచ్చేవాళ్లది. 21 నుంచి 35 రోజుల దాకా మామూలే అంటారు, అంటే ఒకామెకు ఏడో రోజుకే అండం రావచ్చు, ఇంకొకామెకు ఇరవై ఒకటికి. అందరికీ ఒకే అంకె చెప్పడం ఎంత అన్యాయమో చూడండి.

సంస్కృతం మాట ‘ఋతువు’లోనూ ఇట్లాంటి లెక్కే ఉంది. మనుస్మృతిలో స్త్రీకి ఋతుకాలం పదహారు రాత్రులన్నారు, ముట్టు మొదలైన రోజు నుంచి. నెలకోసారి సరిగ్గా వచ్చేవాళ్లకు అది చాలావరకు పనికొస్తుంది, నాలాంటిదానికి పదహారు దాటాకే అసలు రోజులు.

ఇప్పుడు నేను అడగాలనుకున్న మాటకు వస్తా. బిడ్డ నిలిచే ఆ కొన్ని రోజులకు తెలుగులో మంచి పేరు ఏది? పుస్తకాల్లో ‘ఫలదీకరణ కాలం’ అని రాస్తారు, ఆస్పత్రిలో ‘ఫర్టైల్ పీరియడ్’ అంటారు, మొదటిది నోరు తిరగదు, రెండోదాంట్లో పీరియడ్ అని వినగానే ముట్టు రోజులేమో అనుకుంటారు (మా వదిన అట్లనే అనుకున్నది). నాకైతే ‘అదును’ బాగుంది. ‘అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు’ అని మనకు సామెతే ఉంది. అండం విడుదలయ్యాక బతికేది పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు. మగవాళ్ల వీర్యకణాలు లోపల ఐదు రోజుల వరకు ఉండగలవు. కాబట్టి అదును అంటే అండం వచ్చే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు. అందులోనూ చివరి మూడు రోజులు గట్టివి. మా దగ్గర పత్తి గింజలు వాన పడ్డాకే వేయాలని ఏం లేదు, పొడి దుక్కిలోనే వేసి మొగులు చూసుకుంటూ కూర్చుంటారు, గింజ వాన కోసం ఎదురుచూస్తుంది. ఇదీ అంతే, ముందే ఉండాలి. అండం వచ్చిందని తెలిశాక పరిగెత్తితే చాలాసార్లు ఆలస్యమే.

స్త్రీని చేను అనడం మళ్లీ మొదలుపెట్టావా అని ఒక అక్క కామెంట్ పెట్టింది. అక్కా, నీ కోపం నాకు అర్థమైంది, చేను గొడ్డుదా విత్తు పుచ్చుదా అని మాట్లాడే మనుషుల మధ్యే నేనూ పదిహేడు నెలలు ఉన్నాను. నేను అదును అంటున్నది రోజులను, మనిషిని కాదు. అంతకన్నా మంచి మాట దొరికితే దీన్ని వదిలేస్తా.

ఇంకో మాట ‘తెల్లబట్ట’. దీని మీద నాకు నిజంగా బాధ ఉంది, ఎందుకంటే వేరు వేరు సంగతులన్నింటికీ మనం ఇదొక్క మాటే వాడుతున్నాం. దురద, వాసన, పెరుగు విరిగినట్టు పడటం, అది జబ్బు, చూపించుకోవాలి. కానీ అండం వచ్చే ముందు రెండు మూడు రోజులు పడేది వేరు. కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు జారే తెల్లసొన ఉంటుంది చూడండి, అట్లా పలచగా, జారుడుగా, రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే తెగకుండా సాగుతుంది. అది జబ్బు కాదు, అదును వచ్చిందని శరీరం చెప్పడం. నేను దాన్ని కూడా తెల్లబట్టే అనుకొని మందుల షాపులో అడిగి గోళీలు మింగాను, సరిగ్గా ఆ రోజుల్లోనే దూరం ఉన్నాను. దీనికి ఒక వేరే పేరుంటే నేను ఆ పని చేసేదాన్ని కాదు. ‘సాగుడు’ అని మా చిన్నమ్మ ఒకసారి అన్నది, మీ దిక్కు ఇంకేమైనా అంటారా?

పాలమూరు తమ్ముడు పెట్టిన కామెంట్‌కు జవాబు, ఇది అందరూ చదవాలి. పుణెలో కట్టడం పనికి పోయిన మనిషి పండుగకు వచ్చి నాలుగు వారాలైంది, భార్యకు స్కానింగ్‌లో ‘6 వారాలు’ అని రాశారు, ఇంట్లో గొడవ మొదలైంది అన్నాడు. తమ్మీ, ఆ ఆరు వారాలు ముట్టు మొదటి రోజు నుంచి వేసిన లెక్క. మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ ఉండదు, నెల సరిగ్గా వచ్చేవాళ్లకు అండం వచ్చేదే రెండు వారాలు దాటాక. ఆరులో రెండు తీసేస్తే నాలుగు, ఆయన వచ్చిన వారమే. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆశా వర్కర్‌తోనో డాక్టర్‌తోనో ఈ ఒక్క తీసివేత చెప్పించు, ఆలస్యం చేయొద్దు. మా అమ్మమ్మ ‘నీళ్లోసుకున్నది’ అన్నప్పుడు ఆ ఊళ్లో ఎవరూ భర్త వచ్చిన తేదీ అడగలేదు, స్నానం నుంచి లెక్క అని అందరికీ తెలుసు. రిపోర్టులో వారాలు వచ్చాయి, ఆ తెలివిడి పోయింది.

మెడికల్ షాపులో దొరికే ఓవులేషన్ కిట్ (అండం ఎప్పుడు వస్తుందో మూత్రంతో చూసుకునే పట్టీ) గురించి ఇద్దరు అడిగారు. రెండో గీత ముదురుగా వస్తే ఒక రోజు, ఒకటిన్నర రోజులో అండం వస్తుందని అర్థం. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవాళ్లకు అది తప్పు చూపించవచ్చు. పొద్దున లేవగానే ఒళ్లు వేడి చూసుకునే పద్ధతీ ఉంది, కాకపోతే అండం వచ్చాకే వేడి పెరుగుతుంది కాబట్టి ఆ నెలకు పనికిరాదు, వచ్చే నెల అంచనాకే. అదును సరిగ్గా చూసుకున్నా ప్రతి నెలా నిలవదు, నాకు లెక్క మార్చాక ఐదో నెలలో నిలిచింది. 35 లోపు వయసుంటే ఏడాది, దాటితే ఆరు నెలలు చూసి డాక్టర్ దగ్గరికి పోండి, ముట్టు రెండు మూడు నెలలకోసారి వచ్చేవాళ్లు అంతదాకా కూడా ఆగొద్దు. పోయేటప్పుడు ఇద్దరూ పోండి. వీర్యం పరీక్ష చిన్నది, మొదటి రోజే చేయించొచ్చు, అది చేయించకుండా ఆమెను గొడ్రాలు అనే హక్కు ఎవరికీ లేదు. ఆ మాటకు మగవాళ్ల వైపు ఊళ్లో వాడే జోడీ మాట ఒక్కటీ నాకు గుర్తుకు రావడం లేదు, మీకు తెలిస్తే చెప్పండి.

గద్వాల, అలంపూర్ దిక్కు వాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కదా, అక్కడ కూడా ‘నీళ్లోసుకున్నది’ అనే అంటారా, లేక ‘నెల తప్పింది’ అనేనా? ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి, ఏ రోజు నుంచి లెక్కపెట్టేవాళ్లో కూడా రాయండి.