‘రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా?’ ఈ సామెతలో అయ్య ఏడీ?

రాజోలు వైపు పెద్దవాళ్ల నోట తరచూ వినే సామెత అండి ఇది. ఇప్పుడు ఎవరు అబద్ధమాడినా దీన్నే అంటున్నారు. మా ఊళ్లో చేపల చెరువు లీజు గొడవలో ఒక మగాయన్ని పట్టుకుని అన్నారు, అప్పుడు కూడా ‘నేర్చినమ్మ’ అనే. ఇది మొదట్నుంచీ తిట్టేనా? ఇందులో మగవాడు ఎందుకు లేడు?

జవాబు:

మగవాడు ఉన్నాడండి, ‘రంకుమొగుడు’ అనే మాటలో. ఆయన్ని కూడా ఆవిడ ఖాతాలోనే రాశారు. అదే మగవాడు తనంతట తాను రెండో కాపురం పెడితే ‘చిన్నిల్లు’ అన్నారు. ఎంత ముద్దొచ్చే మాటో చూడండి! డెల్టాలో చిన్నిల్లు కొన్నాళ్లు హోదా కూడా. కాలవల కింద పంట పండి డబ్బున్న ఆసాములు పెళ్లిలో మేజువాణి, అంటే భోగంవాళ్ల ఆటపాటల కచేరీ, పెట్టించి చెప్పుకునేవారు.

ఇక తిట్టా అంటే, శుకసప్తతి, హంసవింశతి లాంటి కథాకావ్యాలు చదివితే నాకు అలా అనిపించదు. మొదటిది పాలవేకరి కదిరీపతిది, రెండోది అయ్యలరాజు నారాయణామాత్యుడిది. ఇల్లాలు మరొకరి దగ్గరికి బయల్దేరబోతుంది. ఒకదాంట్లో చిలుక, ఇంకోదాంట్లో హంస ఆపి కథ మొదలెడుతుంది. కథలో ఆడమనిషి సరిగ్గా దొరికిపోయే చోట ఆగి, ‘ఇప్పుడు నువ్వైతే ఏం చెప్పి బయటపడతావు?’ అంటుంది. ఈవిడ ఆలోచిస్తుండగానే తెల్లారిపోతుంది. ఆ కథల బలమంతా మన సామెతలోని బొంకు మీదే ఉంది. ‘నేర్చిన’ అనే మాట కూడా విద్యకు వాడేదే కదా. అలాగని ఆ కవులు ఆడవాళ్ల పక్షమేమీ కాదు లెండి, ఆడదాన్ని నమ్మకూడదనే అరిగిపోయిన హాస్యమే అది. కాకపోతే వినేవాళ్లు పాపం అని చెవులు మూసుకోలేదు, ఎలా తప్పించుకుంటుందా అని చెవులు రిక్కించారు.

ఇంకొకరు:

మాస్టారూ, మరి సుమతీ శతకంలో ‘పరనారీ సోదరుడై’ అని మగాడికే బుద్ధి చెప్పారు కదండీ?

జవాబు:

చెప్పారు. వెంటనే ఏముందో కూడా చదవండి: ‘పరధనముల కాసపడక’. పరుల భార్య, పరుల సొమ్ము ఒకే వరసలో ఉన్నాయి. 1860 నాటి శిక్షాస్మృతి 497వ సెక్షన్ లెక్క కూడా దాదాపు ఇదే. భర్త ఒప్పుకోలు లేకుండా అతని భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ల దాకా జైలు. ఆవిడకు శిక్ష లేదు, ప్రేరేపించిందన్న నేరం కూడా లేదు. అన్యాయం జరిగింది భర్తకే అని చట్టం అనుకుంది. తన మొగుడి చిన్నింటి మీద ఆ సెక్షన్ కింద కేసు పెట్టడానికి భార్యకు దారే లేదు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

చిన్నిల్లు సిగ్గుపడాల్సిన విషయం కావడానికి మన రాజమండ్రి కూడా కారణమే. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలెట్టిన వీరేశలింగం గారు భోగం మేళాల మీద, వాటిని పోషించే పెద్దమనుషుల మీద గట్టిగా దండెత్తారు. అది నాకు నచ్చుతుంది. కానీ తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని ఆయన ఈసడించుకున్న తీరు నచ్చదు. ఆడది శృంగారం రాయడమే ఆయనకు తప్పుగా తోచింది. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తిగా అచ్చేయించారు, మరుసటి ఏడు సర్కారు నిషేధించింది. మగ కవుల పచ్చి శృంగారం మాత్రం చాలావరకు పండితుల బీరువాల్లో క్షేమంగానే ఉంది.

అమలాపురం నుంచి:

ఇదంతా కావ్యాలు చదివే ఇళ్ల సంగతి మాస్టారూ. చాలా కులాల్లో మొగుడితో పొసగకపోతే కులపెద్దల ముందు తెగతెంపులు అయ్యేవి. కొత్తవాడు పాతవాడికి ఓలి సొమ్ము, అంటే పెళ్లికూతురి కోసం మగవాళ్లిచ్చే సొమ్ము, కట్టేసేవాడు. దాన్ని రంకు అనలేదు, మారుమనువు అన్నారు. మా అమ్మమ్మ ఆ మాట గొంతు తగ్గించకుండానే అనేది. మా అమ్మ ఎప్పుడూ అనలేదు.

జవాబు:

మంచి మాట అందించారండి. మారుమనువు మీద విడిగా ఒక పోస్టు పెట్టండి. ఓలి, తప్పు కట్టడం (కులపెద్దలకు జరిమానా), వెలి, ఈ మూడూ మీ ఇంట్లో ఎలా వాడేవారో కూడా అందులో రాయండి.